మావయ్య చేసిన తుపాకీ

ఏప్రిల్ 6

అరవొద్దంది హెల్త్ సెంటర్ నర్సు. అరవాలనిపించినప్పుడు కాగితం మీద పెట్టండి బియుంగ్ గారూ, రక్తపోటు దిగుతుంది అంది. సరే, పెడుతున్నాను. ఊళ్ళో మగాళ్ళంతా వేటకి కొండెక్కారు. నేను ఇంట్లో కూర్చుని ప్లమ్ కాయలు ఏరుతున్నాను.

చెవుల పండగ దగ్గర పడింది. పంది చెవులూ లేడి చెవులూ కట్టకపోతే పిల్లలు దేనికి గురిపెడతారు? తెల్లవారుజామునే లేచి సంచి కట్టుకున్నాను. మంచు కూడా లేదు, దారి పొడిగా ఉంది. గోడ మీది తుపాకీ కోసం చెయ్యి చాచానో లేదో, పొయ్యి దగ్గర్నుంచి ఆబుస్ అంది.

"ఆగు. నాకు కల వచ్చింది."

"ఏం కల?"

"పళ్ళు రాలిపోయాయి. అన్నీ. దోసిట్లో పట్టుకున్నాను."

ఇంక చేసేదేముంది? పెళ్ళాం కలలో పన్ను రాలితే మొగుడు గడప దాటడు. మా నాన్న దాటలేదు, మా తాత దాటలేదు. సంచి విప్పేశాను. కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ఏనాడూ కల చెప్పని మనిషికి కల రావడానికి ఈరోజే దొరికింది. ఆ మాటే అన్నాను. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసింది. కాసేపటికి బుట్ట తీసుకుని తోటకి వెళ్ళిపోయింది.

ఆమె అటు వెళ్ళగానే లుమావ్ వచ్చాడు. మా పూనీ అక్క కొడుకు. వాడి తుపాకీ తనిఖీ కోసం పోలీస్ ఠాణాలో పడి ఉంది.

"మామా, నువ్వు రావట్లేదటగా. పళ్ళు రాలినయ్యంట. నీవా, అత్తవా?"

"నోరు మూసుకుని తుపాకీ తీసుకెళ్ళు. గొట్టంలో మందు ఒక్క మూతే పొయ్యి. వచ్చాక తుడిచివ్వు."

"నీ తుపాకీయే? నిజంగానా?" వాడి మొహం వెలిగిపోయింది. దాన్ని రెండు చేతులతో అందుకుని వెళ్ళాడు.

మధ్యాహ్నం ఆబుస్ వచ్చింది. ఖాళీ మేకు చూసి, "తుపాకీ ఏది?" అంది. లుమావ్ తీసుకెళ్ళాడన్నాను. బుట్ట అక్కడే వదిలేసి రోడ్డు చివరిదాకా పరిగెత్తింది. ట్రక్కు పొద్దున్నే వెళ్ళిపోయిందని చెబుతూనే ఉన్నాను, వినలేదు. ఆయాసపడుతూ తిరిగొచ్చి గడప మీద కూలబడింది. "కల మనింటికొచ్చింది, వాళ్ళింటికి కాదుగా" అని నేనే సర్దిచెప్పాల్సి వచ్చింది. నిలువునా చెడగొట్టింది నా రోజు, పైగా నేను సర్దిచెప్పాలి. ఆడవాళ్ళకి తుపాకీతో ఏం పని?

ఏప్రిల్ 7

వాన. కాయలు ఏరాను. కోపం తగ్గలేదు. నర్సుకి ఏమీ తెలియదు.

ఏప్రిల్ 8

తుపాకీ వెనక్కి పేలింది. లుమావ్ కుడికన్ను. కుడిచేతి రెండు వేళ్ళు.

వేటలో వెంట ఉన్న అజిమాన్, ఇంకో ఇద్దరూ కలిసి వాణ్ణి వీపుల మీద మోసుకుంటూ కొండ దింపారు. పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పేలిన ముక్కలు ఠాణావాళ్ళు పట్టుకుపోయారు. ఇంక రాయలేను.

ఏప్రిల్ 10

కన్ను రాదట. డాక్టరు చెప్పేశాడు. వాడి పెళ్ళాం సావికి ఇప్పుడు ఏడో నెల.

ఆస్పత్రి వరండాలో పూనీ అక్క నా చెయ్యి పట్టుకుంది. "నాన్న తుపాకీ ఇట్టా చేస్తుందనుకోలేదురా" అంది. తుపాకీ ఏమీ చెయ్యలేదు అన్నాను. అక్క నా చెయ్యి వదిలేసింది.

ఎవరి మీద అరవాలో చెప్పండి. కొట్లో దొరికే నిఖార్సైన తుపాకీ మా కొండజాతివాళ్ళం పట్టుకుంటే జైలు. గొట్టం మేమే కోసి, అడుగున ఇనుప బిరడా మేమే అతికి, చేత్తో చేసుకుంటేనే చట్టం ఒప్పుకుంటుంది. అలా చేసుకోవడమే మా సంప్రదాయమట. ఆ సంప్రదాయాన్ని కాపాడుతున్నారట. సర్కారువాళ్ళు ఏటా పండక్కి వచ్చి, ముందు వరసలో కూర్చుని, పందిమాంసం తిని, ఫోటోలు దిగి, ఆ మాటే మైకులో చెప్పిపోతారు. వాళ్ళలో ఒక్కడి కంటి ముందు మా గొట్టం పేలితే తెలుస్తుంది సంప్రదాయం ఏపాటిదో.

తుపాకీని ముందురోజు నేనే స్వయంగా చూశాను. నూనె రాశాను. వెంట్రుకంత లోపం లేదు.

ఏప్రిల్ 11

ఊళ్ళో అందరూ దాన్ని పాడు తుపాకీ అంటున్నారు. దాని కథ చెప్పుకోవడం మానేశారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మంట చుట్టూ కూర్చున్నప్పుడు ప్రతివాడికీ వాడి తుపాకీ గురించి ఒక కథ ఉంటుంది. అజిమాన్ తుపాకీ కుందా, అదే వెనక ఆనించుకునే చెక్క, పాత చర్చి బల్లతో చేసింది. అడవిపందులు దాని ముందుకి మోకాళ్ళ మీద నడుచుకుంటూ వస్తాయంటాడు. విని విని చెవులు తుప్పు పట్టాయి. నాది మాత్రం వాళ్ళే అడిగి చెప్పించుకునేవాళ్ళు.

హైసుల్ మావయ్య, మా అమ్మ తమ్ముడు, కుర్రతనంలో పై శిఖరం మీద కలప కంపెనీలో దుంగలు లాగే యంత్రం నడిపేవాడు. కంపెనీవాళ్ళు అడవి అయిపోయాక యంత్రాన్ని అక్కడే వదిలేసి దిగిపోయారు. మావయ్యా మా నాన్నా వెళ్ళి అందులోంచి ఒక గొట్టం కోశారు. ముందొకరు వెనకొకరు, వానలో, రెండు కొండలు దాటించి తెచ్చారు. నాన్న భుజం మీద చర్మం ఊడిపోయింది. ఆ వానాకాలమంతా మావయ్య ఆకురాయితో గొట్టం అరగదీస్తూనే ఉన్నాడు. కుందాని నాన్న చెంపకి ఆనించి, గీసి, చెక్కాడు. నాన్నకి కుడివైపు దవడ పళ్ళు లేవు, చెంప లోతుకి పోయి ఉండేది. కుందా ఆ లోతులోకి కుదురుగా కూర్చునేది. నా చెంప నిండుగా ఉంటుంది కాబట్టి అది ఎముకకి తగులుతుంది. అయినా ఒక్కనాడు దాన్ని గీకించలేదు. తగిలినప్పుడల్లా నాన్న మొహం గుర్తొస్తుంది.

పండగలో గుండ్రంగా గొంతుక్కూర్చుని, గిన్నె చేతిలో పట్టుకుని, ఎవడు ఏం వేటాడాడో వాడు గొంతెత్తి చెబుతాడు. చివర వాళ్ళమ్మ వంశం పేరు చెబుతాడు. మిగతావాళ్ళకి అమ్మ వంశం నోటి మాట. నాకు భుజాన వేసుకునే వస్తువు.

ఇంట్లో దాన్ని ఎలా చూసుకున్నామని. చిన్నప్పుడు పూనీ అక్క ఒకసారి దాని పట్టీ పట్టుకుంది, అంతే. ఆడది ముట్టిన తుపాకీకి వేట పడదని నాన్న ఆ నెలంతా కొండెక్కలేదు, అక్కతో మాట్లాడలేదు. పెళ్ళయిన రోజే ఆబుస్‌కి చెప్పాను, ఆ మేకు కింద ఊడ్చుకో, మేకుకున్నదాన్ని మాత్రం ముట్టుకోకు అని. ఇన్నేళ్ళలో ఒక్కసారి ముట్టుకోలేదు. అలాంటి మనిషి ఎవరింట్లో ఉంది?

ముందురోజు నేనే చూశాను. వెంట్రుకంత లోపం లేదు.

ఏప్రిల్ 13

ఆబుస్‌కి ఊళ్ళో పేరొచ్చింది. పళ్ళ కల మొగుడి కన్ను కాపాడిందని. నా ముందే అంటున్నారు, నాకూ గర్వంగానే ఉంది.

ఈరోజు అజిమాన్ భార్య ఆకులో చుట్టిన జిగురుబియ్యం ముద్దలు పట్టుకొచ్చింది. "ఆబుస్ అక్కా, మావాడు వచ్చే వారం వేటకి కొండెక్కుతాడంట. నువ్వొకసారి పడుకుని చూసిపెట్టవా" అంది. టోపీ కొలత తీసిపెట్టమన్నట్టు అడిగింది. నాకు నవ్వొచ్చింది.

"నాకు కలలు రావు" అంది ఆబుస్.

"అట్టా అనకక్కా. వచ్చినవాళ్ళెవరూ వస్తాయని చెప్పరు." ముద్దలు అక్కడ పెట్టి వెళ్ళింది.

ఆబుస్ వాటిని ముట్టుకోలేదు. కోళ్ళకి వేసింది. ఈమధ్య పడుకోవడమే మానేసింది, పొయ్యి ముందు కూర్చునే ఉంటోంది. లుమావ్‌ని తలుచుకుని అనుకుంటాను. తలుచుకోవడం మానేసి వెళ్ళి చూసిరావచ్చుగా. ఆస్పత్రికి రమ్మంటే కాయలున్నాయంటుంది.

ఏప్రిల్ 14

"కల వచ్చిన ఇంటి తుపాకీ బయటికెందుకిచ్చావురా?" అన్నాడు అజిమాన్ కొట్టు ముందు, అందరూ వింటుండగా. కల మనిషికి తగులుతుంది, ఇనుముకి తగలదు. మా తాతల నాటి నుంచీ అంతే. వాడి చర్చి బల్ల సంగతి చెప్పి కడిగేశాను.

ఏప్రిల్ 16

హైసుల్ మావయ్య తిండి మానేశాడు.

వాళ్ళింటి గోడకి తుపాకులు ఆనించి ఉన్నాయి. మొదట ఎవరో చుట్టాలు వచ్చారనుకున్నాను. కాదు. మావయ్య చేత తుపాకులు చేయించుకున్నవాళ్ళు ఒక్కొక్కరే తెచ్చి, మాట్లాడకుండా అక్కడ ఆనించి పోతున్నారు. అందులో రెండు నేను పుట్టకముందువి. ఇన్నాళ్ళూ వాటితో పిల్లల్ని మేపుకున్నారు. సిగ్గు లేదు ఒక్కడికీ.

మావయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆకురాళ్ళు, సుత్తి, బరమా అన్నీ గోతంలో కట్టించి బయట పెట్టించాడు. కావలసినవాళ్ళు పట్టుకుపొమ్మన్నాడు.

"లే మావయ్యా. గంజి తాగు."

"నా అతుకే ఊడిందిరా."

"నీ అతుకు ఊడదు."

"నేను చేసిందే వాడి కన్ను తీసింది. పూనీ నా ఎదురుగా పెరిగిన పిల్ల. ఏ మొహం పెట్టుకుని దాని ఎదట పడను? ఇంక తిన్నా ఒకటే, తినకపోయినా ఒకటే."

ఎముకలు లెక్కపెట్టొచ్చు అతని వీపులో. ఇలాగే ఉంటే పండగ చూడడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు మావయ్యది కాదు, తుపాకీది కాదు. ఇంక మిగిలిందెవరు? లుమావ్. పెద్ద పందిని చూసి, ఆశపడి, ఒక మూతకి రెండు మూతల మందు పోసి ఉంటాడు. ఈ కుర్రాళ్ళంతా అంతే. వాడు నిజం చెబితే ముసలాయన లేచి కూర్చుంటాడు.

ఏప్రిల్ 18

ఆస్పత్రికి వెళ్ళాను. వాడి మొహం సగం కట్టు.

"మందు ఎంత పోశావు?"

"నువ్వు చెప్పిందే మామా. ఒక్క మూత."

"రెండు పోసుంటావు."

"లేదు మామా."

"చేతులు వణికి ఉంటాయి. వాన కూడా పడుతోంది. గుర్తులేదేమో, ఆలోచించు."

సావి లేచి నిలబడింది, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని. "మీ తుపాకీ పరువు నిలవాలి, అంతేగా? దానికోసం ఈయన మీద అబద్ధం అంటగడతారా? ఉన్న రెండో కన్ను కూడా ఇమ్మంటే ఇస్తాడు మీకు, అంత పిచ్చోడు" అంది. చిన్నా పెద్దా లేదు ఆ పిల్లకి. నేనూ ఊరుకోలేదు. నర్సులు పరిగెత్తుకొచ్చేదాకా అరిచాను. అక్కడ మావయ్య గంజి ముట్టడం లేదు, ఒక్క మాట ఒప్పుకుంటే నీ సొమ్మేం పోతుంది అన్నాను.

లుమావ్ ఎడం చేత్తో సావిని పట్టుకుని కూర్చోబెట్టాడు. "హైసుల్ తాత తింటాడంటే ఒప్పుకుంటాలే మామా. రెండు మూతలు పోశానని చెప్పు. కానీ నేను పొయ్యలేదు" అన్నాడు.

లుమావ్ ఒప్పుకున్నాడు. అదే ముఖ్యం.

ఏప్రిల్ 19

ఆ మాటే ఇంట్లో చెప్పాను. రేపు పొద్దున్నే మావయ్యకి చెబుతాను, లేచి కూర్చుంటాడు అన్నాను. ఆబుస్ కాయలు ఏరుతోంది. ఏరడం ఆపింది.

"వాడు పొయ్యలేదు" అంది.

"నీకేం తెలుసు?"

"నేను పడేశాను దాన్ని."

ఏది అని అడిగాను. నిజంగానే అర్థం కాలేదు నాకు.

"తుపాకీని. నువ్వు ఎరువుల కోసం పట్నం వెళ్ళిన రోజు. గాలివాన. మేకు పైన రేకు లేచిపోయి నీళ్ళు తిన్నగా దానిమీదే పడుతున్నాయి. తడిస్తే పాడైపోతుందని తీశాను. చేతులు తడిగా ఉన్నాయి. జారి గడపరాయి మీద పడింది. గొట్టం వెనకభాగం తగిలింది. తుడిచి చూస్తే వెంట్రుకలాగ గీత కనపడింది. తుడిచినా పోలేదు. మళ్ళీ మేకుకి తగిలించేశాను."

"చెప్పలేదే."

"నువ్వే చూస్తావనుకున్నా. వెళ్ళే ముందు రోజు నూనె రాస్తావుగా, చూస్తావులే అనుకున్నా. నువ్వు పైపైన గుడ్డ పెట్టి తుడిచి తగిలించావు. తెల్లారి చెయ్యి చాచావు. ఇంక నోటికేదొస్తే అది చెప్పాను."

"కల రాలేదా?"

"రాలేదు."

"చెప్పేదేదో తుపాకీ పగిలినట్టు కలొచ్చిందనొచ్చుగా? పళ్ళెందుకు?"

"పగిలిందంటే ఎక్కడ, ఎట్టా అని నువ్వు కిందకి దించి చూస్తావు. చూస్తే నాకెట్టా తెలిసిందంటావు. పళ్ళైతే ఎవరూ ఏమీ అడగరు. నువ్వు ఆగిపోతే చాలనుకున్నా. నువ్వు ఆగితే అదీ ఆగుతుందనుకున్నా. వాడికి ఇచ్చేస్తావని ఎట్టా తెలుస్తుంది నాకు?"

నేను చెయ్యెత్తలేదు. అది రాసిపెడుతున్నాను. ప్లమ్ బుట్టని మాత్రం తన్నాను. కాయలు వాకిలిదాకా దొర్లాయి. ఆమె వంగి ఒక్కొక్కటే ఏరుకుంది.

ఏప్రిల్ 20

మాట్లాడలేదు. ఆమె పెట్టింది తినలేదు. కొట్లో బిస్కెట్లు తిన్నాను.

ఏప్రిల్ 21

ముట్టుకుంది. అది ఒకటి. పడేసింది, అది రెండు. లేని కల చెప్పింది, అది అన్నిటికంటే ఘోరం. తుపాకీ ముట్టుకున్న ఆడదాన్ని ఊరు ఎప్పటికైనా మరిచిపోతుందేమో, అబద్ధపు కల చెప్పినదాన్ని మరిచిపోదు. ముద్దలు తెచ్చినవాళ్ళే రేపు మా వాకిలి తొక్కరు. నన్ను చూసి నవ్వుతారు. పెళ్ళాం ఆడించినట్టల్లా ఆడాడంటారు. కనీసం నాకు, నా ఒక్కడికి, ఒక్క మాట చెప్పి ఉంటే. నేనేమన్నా పులినా? ఇన్నేళ్ళ కాపరంలో నా దగ్గర దాచాల్సిన అవసరం ఏమొచ్చింది? అడుగుదామంటే ఆమె మొహం చూడబుద్ధి కావడం లేదు.

సాయంత్రం ఠాణా నుంచి తుల్బుస్ ఫోన్ చేశాడు. వాడు మనవాడే, అవతలి లోయ వాడు. తుపాకీ ముక్కల్ని ఎల్లుండి పట్నం పంపిస్తారట, అక్కడ కోసి తుక్కు చేస్తారట. పంపేముందు చేసినాయన ఒకసారి చూసుకుంటాడంటే రేపు తీసుకురండి, నేను అటు తిరిగి టీ తాగుతూ ఉంటాను అన్నాడు.

మంచి ఉపాయం తట్టింది. నేనే పడేశానని చెబుతాను. మగాడి చేతిలోంచి జారింది, చూసుకోలేదు, అంతే. మావయ్య అతుకు మీద మాట పోతుంది, లుమావ్ మీద మాట పోతుంది, ఆబుస్ పేరే రాదు. నిందంతా నా నెత్తినే వేసుకుంటాను. ఏ మొగుడు చేస్తాడు ఇంత?

"రేపు నువ్వు నోరు విప్పకు. నేనే పడేశానంటాను" అన్నాను. రెండు రోజుల్లో ఆమెతో అన్న మొదటి మాట ఇదే.

"ఎందుకు?"

"నీ కోసమే."

"నా కోసమా" అంది. కనీసం కృతజ్ఞత కూడా లేదు.

ఏప్రిల్ 22

మావయ్యని వీపు మీద మోసుకుని ఠాణా మెట్లెక్కించాను. పిట్టంత బరువు. పూనీ అక్క కూడా వచ్చింది, రమ్మని ఎవరూ పిలవలేదు. ఆబుస్ మా వెనకే నడిచొచ్చి తలుపు దగ్గర నిలబడింది. తుల్బుస్ బల్ల మీద పేపరు పరిచి ముక్కలు పెట్టాడు. అన్నట్టుగానే అటు తిరిగి టీ తాగాడు.

మావయ్య చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత గొట్టం వెనక ముక్క చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురుకి పెట్టాడు. బొటనవేలితో పగులు అంచు తడిమాడు.

"ఇది చూడు. సగం నల్లగా తుప్పు పట్టి ఉంది, సగం తళతళలాడుతోంది. తళతళలాడేది మొన్న పేలినప్పుడు తెగింది. నల్లది ముందే విడింది. ఎక్కడో పడింది ఇది. గట్టిగా పడింది." అన్నం మానేసిన మనిషి గొంతు కాదది. "ఎవరు పడేశారు?"

"నేనే మావయ్యా. ఇంట్లో జారింది."

"ఎట్టా పడింది?"

"తిన్నగా. కుందా నేలకి తగిలింది."

"కుందా తగిలితే ఇక్కడ విడదు. కుందా మీద దెబ్బే లేదు." నా మొహంలోకి చూశాడు. "నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పుడూ రాదు."

"నేను పడేశాను మావయ్యా" అంది ఆబుస్ తలుపు దగ్గర్నుంచి. "వానకి తడుస్తోందని తీశాను. కల కూడా రాలేదు నాకు. కల్పించి చెప్పాను."

తుల్బుస్ టీ కప్పు కింద పెట్టిన చప్పుడు వినపడింది. పూనీ అక్క లేచింది. అక్క కొట్టేస్తుందనుకున్నాను. కొట్టలేదు.

"నా కొడుకు కన్ను పోయింది ఆబుస్. రెండు నెలలు పోతే వాడికి బిడ్డ పుడుతుంది, ఎత్తుకోవడానికి చెయ్యి సరిగా లేదు. తుపాకీ పగిలిందయ్యా అని మీ ఆయనతో ఒక్క మాట చెప్పలేకపోయావా? ఒక్క మాట. ఇంట్లో మనిషేగా. ఏం అడ్డమొచ్చిందే నీకు?"

అడగాల్సిన మాటే అడిగింది అక్క. నేను మూడు రోజుల నుంచీ కడుపులో తిప్పుకుంటున్న మాట అది. నాకూ జవాబు కావాలి.

"అదంతా తర్వాత పూనీ" అన్నాడు మావయ్య. "ముందు ఎట్టా పడిందో నాకు చూడాలి. ఇలా రామ్మా. పట్టుకుని చూపించు, ఏ వైపు తగిలింది?"

గొట్టం ముక్క ఆమెకి చాచాడు. ఆబుస్ ముందుకొచ్చి చెయ్యి చాచింది.

"ముట్టుకోకు" అని అరిచాను.

ఎంత గట్టిగా అరిచానంటే ఠాణా బయట కుక్క లేచి మొరిగింది. ఆబుస్ చెయ్యి వెనక్కి లాక్కుని ఛాతీకి ఆనించుకుంది, కాలినట్టు. ఎందుకు అరిచానో నాకే తెలియదు. అది పేలిపోయిన గొట్టం. రేపు తుక్కు. దాంతో ఇంకెవరూ కొండెక్కరు.

పూనీ అక్క ఆబుస్ వైపు చూడటం మానేసి నా వైపు చూసింది. అలా చూస్తూనే వెనక్కి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. తను అడిగింది మళ్ళీ అడగలేదు.

తుల్బుస్ మూలనున్న గొడుగు తెచ్చి ఆబుస్ చేతిలో పెట్టాడు. "దీంతో చూపించు వదినా" అన్నాడు నెమ్మదిగా. ఆమె గొడుగుని రెండు చేతులతో గుండెలకి అడ్డంగా పట్టుకుని, గడపలో నిలబడి, ఎడమ మోచెయ్యి జారిన తీరు చూపించింది. గొడుగు ఓరగా పడి పిడి నేలకి కొట్టుకుంది. మావయ్య వంగి చూసి, "ఆఁ, ఓరగా. అందుకే పక్కన విడింది. అతుకు నిలబడే ఉంది" అన్నాడు. ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ తిండి మానేశాడు. చెబుతున్నప్పుడు మాత్రం మొహంలో సంతోషం లేదు.

గొడుగు ఎవరూ తియ్యలేదు. చివరికి పూనీ అక్క లేచి తీసింది. "పద, బస్సుంది. లుమావ్‌కి నువ్వే చెప్పాలి" అంది ఆబుస్‌తో. కోపంగానే అంది. కానీ భుజం పట్టుకుని అంది. తుప్పర పడుతుంటే ఇద్దరూ ఆ గొడుగు కిందే రోడ్డు దిగారు. నన్ను రమ్మని ఎవరూ అనలేదు.

మావయ్యని ఇంటికి మోసుకొచ్చాను. దింపాక గంజి అడిగాడు. తాగాడు.

ఇల్లు ఖాళీగా ఉంది. కోపం అలాగే ఉంది. అది ఎవరి మీదో రాద్దామని ఇందాకట్నుంచి కూర్చున్నాను.